ఒక్క చెయ్యి తక్కువైన రోజు

2014 జూన్‌లో ఒకరోజు తెల్లారకముందే తెలియని నంబరు నుంచి ఫోనొచ్చింది. ఎత్తితే మా చిన్నాయన. "రేయ్, నా బీపీ మాత్రలు అయిపోయినాయి. ఎట్లన్నా చేసి పంపీ" అన్నాడు. యాడుండావు చిన్నాయనా అంటే చెప్పడు. చెప్పకూడదంట. ఊరు తెలియకుండా మాత్రలు ఎట్ల పంపేదని గట్టిగా అడిగితే కాసేపు ఆగి, గొంతు తగ్గించి, "కిటికీలోంచి టీ తోటలు కనబడతాండాయి. చలి. నాకు తెలిసింది అంతే" అన్నాడు.

మాది చిత్తూరు జిల్లాలో ఓ చిన్న మునిసిపాలిటీ. పేరెందుకులెండి. ఆ ఏడాది ఎండాకాలం మునిసిపల్ ఎన్నికల్లో చిన్నాయన గ్యాస్ సిలిండర్ గుర్తు మీద స్వతంత్రంగా నిలబడి 41 ఓట్ల మెజారిటీతో గెలిచాడు. మొత్తం 27 వార్డులు. ఒక పార్టీకి పదమూడు, ఇంకో పార్టీకి పన్నెండు. ఎమ్మెల్యేకు హోదా రీత్యా ఉండే ఓటు, అదే ఎక్స్ అఫీషియో ఓటు, రెండో పార్టీది. అంటే పదమూడుకు పదమూడు. మిగిలింది మా చిన్నాయన, ఇంకో వార్డు నుంచి గెలిచిన ఒకావిడ. ఓట్ల లెక్కింపు మేలో అయింది, చైర్మన్ ఎన్నిక జూలై మొదట్లో పెట్టారు. మధ్యలో ఏడు వారాలు. ఆ ఏడు వారాలూ మా చిన్నాయన జీవితంలో ఎన్నడూ లేనంత పెద్దమనిషి. టమాట మండీలో గుమాస్తాగా చేసిన మనిషికి విడిగా ఓ గది, పొద్దున్నే గదికే ఇడ్లీ, సాయంత్రమైతే క్యారమ్ బోర్డు. ఫోను మాత్రం ఆయన్ను క్యాంపులో దాచిపెట్టిన పార్టీవాళ్ల దగ్గర.

ఆయన అడిగింది మా వీధి చివర మురికి కాలువ మీద ఒక కల్వర్టు. అది మాత్రమే అడిగానని ఇప్పటికీ అంటాడు. వైస్ చైర్మన్ పదవి కూడా అడిగాడని నాకు అనుమానం. ఏదైనా సరే, "అట్లనే అన్నా, మన ప్రభుత్వమే కదా" అని క్యాంపు నడిపే పెద్దాయన మాటిచ్చాడు. నోటి మాట.

జూన్ నెలాఖరులో అవతలి పార్టీ కౌన్సిలర్లు ఇద్దరు విప్‌ను, అంటే తమ పార్టీ ఆదేశాన్ని, లెక్కచేయకుండా ఇదే క్యాంపుకొచ్చి చేరారు. ఆ రాత్రే చిన్నాయన గదిలోకి ఇంకో మంచం వచ్చింది. మర్నాటి నుంచి ఇడ్లీ గదికి రావడం మానేసింది, కిందికి పోయి తినాల్సిందే. ఎన్నిక రోజు కౌన్సిల్ హాల్లో అందరితో పాటు ఆయనా చెయ్యెత్తాడు. ఆ చెయ్యి లేకపోయినా లెక్క సరిపోయేదే. కల్వర్టు సంగతి మీరు ఊహించుకోవచ్చు.

స్వతంత్ర సభ్యుల మాట వచ్చినప్పుడల్లా మనవాళ్లు రెండే రకాలుగా మాట్లాడతారు. అయితే "అమ్ముడుపోయే సరుకు", లేకపోతే "ఏ పార్టీ జెండా లేని నిజమైన ప్రజాప్రతినిధి". రెండూ పైపై మాటలే. చిన్నాయన గదిలో రెండో మంచం పడ్డ రోజు నాకు అర్థమైంది ఇంకొకటి. స్వతంత్రుడి బలం అతని స్వభావంలో లేదు, అవతలివాళ్ల కొరతలో ఉంది. ఆ కొరత తీరిపోయిన పూటే బలమూ తీరిపోతుంది.

నమ్మకపోతే మన లెక్కలే చూడండి. 1967లో ఆంధ్రప్రదేశ్ శాసనసభకు 68 మంది స్వతంత్రులు గెలిచారు. 287 మంది ఉన్న సభలో అది చిన్న సంఖ్య కాదు, దాదాపు నాలుగో వంతు. అయినా ప్రభుత్వం ఎవరిదన్న విషయంలో వాళ్ల ప్రమేయం సున్నా. కాంగ్రెస్‌కు సొంతంగా 165 ఉన్నాయి మరి. అదే ఏడాది హర్యానాలో 81 స్థానాల సభకు 16 మంది స్వతంత్రులు వచ్చారు. అక్కడ కాంగ్రెస్ మెజారిటీ పల్చన, పైగా లోపల కుమ్ములాట. అందుకే హసన్‌పూర్ నుంచి స్వతంత్రంగా గెలిచి, పదిహేను రోజుల్లో మూడుసార్లు పక్కలు మార్చిన గయా లాల్ పేరు మీద "ఆయారాం గయారాం" అన్న మాట దేశమంతటికీ అంటుకుంది. మన 68 మందిలో ఒక్కరి పేరైనా ఇవాళ అలా నోట్లో నానుతోందా?

అంతకుముందు 1952లో ఉమ్మడి మద్రాసులో 375కు కాంగ్రెస్‌కు వచ్చింది 152. అరవై మందికి పైగా స్వతంత్రులు, చిన్నా చితకా పార్టీలు. రాజాజీని మండలికి నామినేట్ చేయించి ముఖ్యమంత్రిని చేశాక ఆ కూడిక ఎలా సాగిందో మన పెద్దలకు బాగా తెలుసు. ఒక్క ఓటు విలువా మనకు కొత్త కాదు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన ఏడాదికే, 1954 నవంబరులో, ప్రకాశం పంతులు ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో కూలిపోయింది.

ఇప్పుడేమో రెండు తెలుగు రాష్ట్రాల్లో స్వతంత్రుడన్న జాతే కనబడదు. తెలంగాణలో 2023లో 119కి, ఆంధ్రలో 2024లో 175కి ఎన్నికలు జరిగితే, మొత్తం 294 సీట్లలో ఒక్కడంటే ఒక్క స్వతంత్రుడు గెలవలేదు. అందుకే ఈ వ్యవహారం దగ్గరగా చూడాలంటే నేనుండే కర్ణాటక వైపు తిరగాలి.

బెంగుళూరు నుంచి మా ఊరికి పోయే బస్సు కోలారు దాటాక ముళబాగిలులో ఆగుతుంది. ఊరి పేరుకు తూర్పు వాకిలి అని అర్థం. అక్కడి దోసె గురించి తెలియనివాళ్లు మా దారిలో లేరు. కన్నడ బోర్డుల కింద కూర్చుని అందరూ తెలుగులోనే మాట్లాడుకునే ఊరది. 2013లో ఈ నియోజకవర్గం కొత్తూరు మంజునాథ్‌ను స్వతంత్ర అభ్యర్థిగా గెలిపించింది. 2018కి ఆయన కాంగ్రెస్ అభ్యర్థి అయ్యారు కానీ, కుల ధ్రువపత్రం గొడవలో నామినేషన్ చెల్లలేదు. దాంతో కాంగ్రెస్ స్వతంత్రంగా బరిలో ఉన్న హెచ్. నాగేశ్‌కు మద్దతిచ్చింది. ఆయన గెలిచారు. వరుసగా రెండుసార్లు స్వతంత్రుడే.

ఆ ఎన్నికల్లో 224కు బీజేపీకి 104 వచ్చాయి. ఆ పార్టీ నాయకుడు యడియూరప్ప మే 17న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసి, బలపరీక్ష దాకా పోకుండానే 19న దిగిపోయారు. కాంగ్రెస్, జేడీఎస్ కలిసి జేడీఎస్ నాయకుడు కుమారస్వామిని ముఖ్యమంత్రిగా కూర్చోబెట్టాయి. ఇక్కడి నుంచి నాగేశ్ ప్రయాణం చూడండి. మే 2018లో సంకీర్ణానికి మద్దతు. 2019 జనవరి 15, సరిగ్గా సంక్రాంతి పూట, ముంబైలో కూర్చుని మద్దతు ఉపసంహరణ. జూన్ 14న అదే సంకీర్ణంలో మంత్రిగా ప్రమాణం. జూలై 8న రాజీనామా, మళ్లీ మద్దతు ఉపసంహరణ, మళ్లీ ముంబై. ఆగస్టులో యడియూరప్ప మంత్రివర్గంలో ప్రమాణం, తర్వాత అబ్కారీ శాఖ. పదిహేను నెలల్లో ఐదు మలుపులు. మా ఊరి ఘాట్ రోడ్డు మీద కూడా అన్ని లేవు.

తిట్టడం తేలిక. నేనూ తిట్టాను. కానీ ఆ ఏడాది ఆగస్టులోనే ఊరికి పోతూ ముళబాగిలులో దోసెకు ఆగినప్పుడు పెనం దగ్గరి మనిషి నన్ను ఆపాడు. బక్కెట్టులో చెయ్యి ముంచి, పెనం మీద నీళ్లు చల్లి, అది చుయ్యిమని ఎగిరే చప్పుడు మధ్యలోనే మాట్లాడే మనిషి. "అందురూ మా నాగేశ్‌నే అంటారు సార్. పార్టీ టికెట్టు మీద గెలిచి ముంబైకి పోయినోళ్లు పదైదు మంది ఉండారు కదా, వాళ్ల ఓటర్లను పోయి అడగండి ముందు" అన్నాడు. అని దోసె తిరగేశాడు.

లెక్క తీస్తే ఆయన మాట నిజం. జూలై 23న కుమారస్వామి విశ్వాస తీర్మానం 99–105తో వీగిపోయింది. నాగేశ్‌తో పాటు ఇంకో ఒంటరి సభ్యుడు ఆర్. శంకర్ కూడా ఆ రోజు సభకే రాలేదు. వచ్చి ఇద్దరూ ప్రభుత్వానికి చెయ్యెత్తినా 101. అప్పటికీ ఓటమే. ప్రభుత్వాన్ని పడగొట్టింది కాంగ్రెస్, జేడీఎస్ టికెట్ల మీద గెలిచి రాజీనామా కాగితాలిచ్చినవాళ్లు. కాకపోతే ఆట మొదలుపెట్టింది మాత్రం ఈ ఇద్దరే. గోడ కూలే ముందు మొదటి పెళ్ల రాలినట్టు, జనవరిలో వీళ్లిద్దరూ కదిలాకే సంకీర్ణం గోడకు పగులుందని అందరికీ కనబడింది. స్వతంత్రుడి అసలు ప్రభావం ఇక్కడే ఉందని నేననుకుంటాను. అతని ఒక్క ఓటు కంటే, గాలి ఎటు తిరుగుతోందో అతని కదలిక చెప్పే కబురు పెద్దది.

ఆ తర్వాత జరిగింది ఇంకా చిత్రం. 17 మంది ఎమ్మెల్యేలపై స్పీకర్ రమేశ్ కుమార్ అనర్హత వేటు వేశారు. అందులో శంకర్ ఉన్నారు, నాగేశ్ లేరు. ఇద్దరూ కదిలింది ఒకేసారి, ఒకే దిక్కుకు. తేడా ఎక్కడొచ్చింది? శంకర్ ఒక చిన్న పార్టీ టికెట్ మీద గెలిచినవారు, ఆ పార్టీని కాంగ్రెస్‌లో కలిపేసినట్టు లెక్క తేలింది. కాబట్టి ఆయన కాంగ్రెస్ సభ్యుడు, విప్‌కు కట్టుబడాలి. నాగేశ్ ఎవరికీ కట్టుబడి లేరు. ఒకే పని చేస్తే ఒకరి పదవి పోయింది, ఇంకొకరికి మంత్రి పదవి వచ్చింది.

దీని వెనక ఉన్న చట్టం కొంచెం చూడాలి, ఎందుకంటే మన కోపమంతా తప్పు చోట పడుతోంది. 1985లో వచ్చిన ఫిరాయింపుల నిరోధక చట్టం, అంటే రాజ్యాంగం పదో షెడ్యూలు, స్వతంత్రుడికి ఒకే ఒక్క గీత గీసింది. గెలిచాక ఏ రాజకీయ పార్టీలోనూ చేరకూడదు. చేరితే సభ్యత్వం పోతుంది. నామినేటెడ్ సభ్యుడికైతే ఆరు నెలల్లోపు ఏదో ఒక పార్టీలో చేరే వీలుంది. స్వతంత్రుడికి అదీ లేదు. న్యాయమే. ఏ పార్టీ వద్దని ఓటేసిన జనాన్ని ఏదో ఒక పార్టీకి అప్పజెప్పే హక్కు అతనికి లేదు.

ఈ గీత దాటితే ఏమవుతుందో హర్యానాలో తేలింది. 2004 జూన్‌లో అక్కడి స్వతంత్ర ఎమ్మెల్యేలు కాంగ్రెస్‌లో చేరామని టీవీ కెమెరాల ముందు చెప్పారు. స్పీకర్ ఆ టేపులు చూసి వేటు వేశారు. స్వతంత్రుడిగా గెలిచిన ఆ స్వభావాన్ని సభ్యుడు వదులుకున్నాడా లేదా అన్నదే చూడాలంటూ 2006లో సుప్రీంకోర్టు ఆ వేటును సమర్థించింది. నోరు జారడమంటే అదీ.

గీత దాటకుండా ఎంత దూరం పోవచ్చో మాత్రం కర్ణాటకలో తేలింది. 2008 మేలో బీజేపీకి 224కు 110 వచ్చాయి. కాంగ్రెస్ 80, జేడీఎస్ 28, స్వతంత్రులు ఆరుగురు. దక్షిణాదిలో తొలిసారి సొంత ప్రభుత్వం, గడప దాటడానికి మూడు చేతులు తక్కువ. ఆరుగురిలో ఐదుగురు మద్దతిచ్చారు, ఐదుగురూ మంత్రులయ్యారు. 2003 నాటి 91వ సవరణ పుణ్యాన మంత్రివర్గం సభలో 15 శాతం దాటకూడదు. కర్ణాటకకు అది 34 కుర్చీలు. అందులో ఐదు బయటివాళ్లకు పోతే, ఇరవై ఏళ్లుగా జెండా మోసిన సొంత ఎమ్మెల్యేల కడుపు మండదా? ఆ మంట తర్వాత రోజుల్లో యడియూరప్పకు ఎన్ని రకాలుగా తగిలిందో కన్నడిగులను అడగండి.

అదే ఏడాది ప్రతిపక్ష ఎమ్మెల్యేలతో రాజీనామా చేయించి, డిసెంబరు ఉప ఎన్నికల్లో మళ్లీ నిలబెట్టే పద్ధతి మొదలైంది. ఆపరేషన్ కమల అన్న పేరు అప్పుడే పుట్టింది. ఎనిమిది సీట్లలో ఐదు బీజేపీ గెలిచింది. 110 కాస్తా 115. అంటే ఐదుగురు స్వతంత్రుల గదుల్లోకి రెండో మంచం వచ్చేసిందన్నమాట.

2010 అక్టోబరులో 11 మంది బీజేపీ ఎమ్మెల్యేలు, ఈ ఐదుగురు స్వతంత్రులు యడియూరప్పకు ఎదురు తిరిగారు. బలపరీక్షకు ముందు రోజు రాత్రి స్పీకర్ బోపయ్య పదహారు మందినీ అనర్హులను చేశారు. మంత్రులుగా చేశారు, పార్టీ సమావేశాల్లో కూర్చున్నారు, కాబట్టి స్వతంత్రులు బీజేపీలో చేరినట్టే అన్నది వాదన. సభలో పదహారు తలలు తగ్గాయి, గెలుపు గీతా దిగింది. చివరికి అక్టోబరు 14న 106–100తో ప్రభుత్వం గట్టెక్కింది. 2011 మేలో సుప్రీంకోర్టు ఆ అనర్హతలన్నీ కొట్టేసింది. మద్దతివ్వడం, మంత్రి కావడం, పార్టీ సభల్లో కనబడడం, ఇవేవీ చేరడం కిందికి రావని తేల్చింది. తాళి కట్టకుండా ఎన్నేళ్లు కాపురం చేసినా పెళ్లి కాదన్నట్టు.

న్యాయపరంగా తీర్పును తప్పుపట్టలేను. షెడ్యూల్లో "చేరడం" అని రాసుంది, కోర్టు దాన్నే చదివింది. నా తగువు ఆ ఖాళీతో. స్వతంత్రుడు పార్టీలో చేరితే అది జనానికి ద్రోహమని చట్టం అంటుంది. ఎవరికి, ఎందుకు, ఎన్నాళ్లు, ఏ షరతు మీద మద్దతిస్తున్నాడో మాత్రం ఏ కాగితం మీదా రాయక్కర్లేదంటుంది. గవర్నరుకు రెండు వాక్యాల ఉత్తరం చాలు, ఇంకో రెండు వాక్యాలతో వెనక్కి తీసుకోవచ్చు. అసలు బేరమంతా ఆ రెండు ఉత్తరాల మధ్య ఖాళీలో జరుగుతుంది.

ఆ ఖాళీలోంచే మధు కోడా పుట్టుకొచ్చారు. బీజేపీ టికెట్ ఇవ్వకపోతే 2005లో జగన్నాథ్‌పూర్ నుంచి స్వతంత్రంగా గెలిచి, 81 మంది ఉన్న జార్ఖండ్ సభలో ముందు అర్జున్ ముండా సర్కారులో మంత్రి, 2006 సెప్టెంబరులో మరో ముగ్గురితో కలిసి దాన్ని కూల్చి ఏకంగా ముఖ్యమంత్రి. దాదాపు రెండేళ్లు. బొగ్గు గనుల కేటాయింపు కేసులో 2017లో మూడేళ్ల శిక్ష పడింది. స్వతంత్రులను నిషేధించాలనేవాళ్లందరూ చూపించే ఫొటో ఈయనదే.

నిషేధం ఉత్త మాట కాదు. 2015లో లా కమిషన్ తన 255వ నివేదికలో లోక్‌సభకు, అసెంబ్లీలకు స్వతంత్రులను అసలు పోటీయే చేయనీయొద్దని సిఫార్సు చేసింది. నాకిది ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడంలా కనబడుతుంది. కోడాను ముఖ్యమంత్రి కుర్చీలో కూర్చోబెట్టింది ఎవరు? ఆయన ఒక్క చెయ్యేనా? తక్కిన చేతులన్నీ పెద్ద పెద్ద గుర్తుల మీద గెలిచినవే. అయినా ముళబాగిలు లాంటి చోట, పార్టీలన్నీ టికెట్లను తమలో తాము పంచుకున్న చోట, జనానికి మిగిలే ఒక్క కిటికీ అది. మూసేస్తే ఉక్కపోత తప్ప ఏం మిగలదు.

పైగా చేరకూడదన్న ఉన్న ఒక్క గీతనైనా అందరూ పాటిస్తున్నారా? 2014లో పిఠాపురం నుంచి స్వతంత్రంగా గెలిచిన వర్మ టీడీపీలో, 2018లో వైరా నుంచి గెలిచిన రాములు నాయక్ టీఆర్ఎస్‌లో గెలిచీ గెలవగానే కలిసిపోయారు. రెండుచోట్లా పాలకపక్షానికి వాళ్ల అవసరమే లేదు. ఇద్దరి సభ్యత్వానికీ ఏం కాలేదు. అవసరం లేని స్వతంత్రుడి మీద చట్టం కూడా కన్నేయదు.

మరి ఏం చెయ్యాలంటారా? నాకు దారి చూపింది ఆస్ట్రేలియా. మా అక్క కొడుకు మెల్‌బోర్న్‌లో ఉండబట్టి ఆ దేశ రాజకీయం అప్పుడప్పుడూ చెవిన పడుతుంది. వాడు అక్కడికి పోయిన కొత్తలో, 2010 ఆగస్టు 21న జరిగిన ఎన్నికల్లో 150 మంది ఉండే దిగువ సభలో ఎవరికీ 76 రాలేదు. లేబర్‌కు 72. అవతలి కూటమీ దాదాపు అంతే. గ్రీన్స్ పార్టీ సభ్యుడొకరు, నలుగురు స్వతంత్రులు. మనలాగా అయితే రిసార్టు వెతుక్కునేవాళ్లు. వాళ్లు పదిహేడు రోజులు తలుపులు తెరిచి మాట్లాడారు. ఖజానా అధికారులను పిలిపించి రెండు పక్షాల వాగ్దానాల ఖర్చెంతో లెక్క కట్టించుకున్నారు. చివరి రోజు, సెప్టెంబరు 7న, రాబ్ ఓక్‌షాట్ తన నిర్ణయం చెప్పడానికి పదిహేడు నిమిషాలు మాట్లాడాడు. దేశమంతా టీవీల ముందు పళ్లు కొరుక్కుంటూ కూర్చుందంట. సాగదీయడంలో మన నాయకులకు తీసిపోడు.

ఆయన, టోనీ విండ్సర్, ఆండ్రూ విల్కీ లేబర్ నాయకురాలు జూలియా గిలార్డ్‌కు మద్దతిచ్చారు. బాబ్ కాటర్ అవతలికి వెళ్లాడు. గ్రీన్స్ సభ్యుడితో కలిపి 76–74. అసలు సంగతి ఇది కాదు. మద్దతు ఒప్పందాలు కాగితం మీద రాసి, సంతకాలు పెట్టి, అందరూ చదువుకునేలా బయటపెట్టారు. బడ్జెట్టుకు, అవిశ్వాస తీర్మానాల్లో ప్రభుత్వానికి అండగా ఉంటాం. తక్కిన ప్రతి బిల్లు మీదా మా ఇష్టం మాది. బదులుగా పల్లె ప్రాంతాల ఆసుపత్రులకు, బ్రాడ్‌బ్యాండ్‌కు ఇవీ ఖర్చులు. అన్నీ వరుసగా ఉన్నాయి. ఓక్‌షాట్‌కు మంత్రి పదవి ఇవ్వజూపితే వద్దన్నాడు. విల్కీ నియోజకవర్గంలోని హోబార్ట్ ఆసుపత్రికి వంద కోట్ల డాలర్లు ఇస్తామని అవతలి నాయకుడు అంటే, ఆ లెక్క నమ్మేలా లేదని విల్కీ తక్కువ ఇస్తామన్న గిలార్డ్ వైపే ఉన్నాడు. రోజూ పడిపోతుందనుకున్న ఆ ప్రభుత్వం మూడేళ్లు నిండా నడిచి, ఐదొందలకు పైగా చట్టాలు చేసింది.

మీరు అడగబోయేది నాకు తెలుసు. కాగితం ఉంటే మాట నిలబడుతుందా అని. నిలబడలేదు. విల్కీ అడిగినవాటిలో ముఖ్యమైనది పోకర్ మిషన్ల మీద, అంటే జూదపు యంత్రాల మీద కట్టడి. 2011 నవంబరులో అవతలి పక్షం సభ్యుడు పీటర్ స్లిపర్ పార్టీ వదిలి స్పీకర్ అయ్యాడు. గిలార్డ్‌కు ఒక ఓటు మిగులు వచ్చింది. రెండు నెలలు తిరక్కుండానే, 2012 జనవరిలో, పోకర్ మిషన్ల హామీని ఆమె పక్కన పెట్టేసింది. అచ్చంగా చిన్నాయన కథే. ఇడ్లీ గదికి రావడం మానేసింది.

అయితే విల్కీ దగ్గర కాగితం ఉంది. మాట తప్పింది ఎవరో, ఏ పేరాలో తప్పారో ఓటరు చూసుకోగలిగాడు. ఆయన ఒప్పందం రద్దు చేసుకుని బయటికొచ్చాడు, తర్వాతి ఎన్నికల్లో జనం ఆయన్ను మళ్లీ గెలిపించారు. మా చిన్నాయన మాత్రం ఊళ్లో ముఖం చూపించలేకపోయాడు. డబ్బు తీసుకుని చెయ్యెత్తాడని పుకారు. కల్వర్టు అడిగానని చెబితే నమ్మడానికి సాక్ష్యం ఏది? తీసుకున్నాడో లేదో ఒట్టేసి నేనూ చెప్పలేను. కాగితం ఉంటే నేను ఈ వాక్యం రాయాల్సిన అవసరమే ఉండేది కాదు.

కాబట్టి నేనడిగేవి రెండే. సభలో ఎవరికీ మెజారిటీ లేనప్పుడు మద్దతిచ్చే స్వతంత్రుడు షరతులన్నీ రాసి స్పీకర్ దగ్గర పెట్టాలి, అది సభ రికార్డుల్లోకి ఎక్కాలి. వెనక్కి తీసుకుంటే ఎందుకో సభలో నిలబడి చెప్పాలి, ముంబై హోటల్ నుంచి కాదు. రెండోది, అలా మద్దతిచ్చినవాళ్లు ఆ సభాకాలంలో మంత్రులు కాకూడదు. మంత్రి అంటే మంత్రివర్గం చేసే ప్రతి పనికీ సమష్టిగా జవాబుదారీ. అందులో కూర్చుని నేను స్వతంత్రుణ్ని అనడం ఎంగిలి విస్తట్లో చెయ్యి పెట్టి ఉపవాసమన్నట్టుంటుంది. సుప్రీంకోర్టు ఒప్పుకుందన్నది నిజమే, చట్టం మార్చుకోవద్దని మాత్రం అది చెప్పలేదు.

స్వతంత్రుడికీ ఇది మేలే. హిమాచల్‌లో 2024 ఫిబ్రవరి 27న రాజ్యసభ ఎన్నికలో ముగ్గురు స్వతంత్రులు, ఆరుగురు కాంగ్రెస్ ఎమ్మెల్యేలు బీజేపీ వైపు ఓటేస్తే 34–34 అయింది. చీటీ తీశారు. ఎవరి పేరు వస్తే వాళ్లు ఓడిపోయినట్టు అన్నది అక్కడి పద్ధతి. కాంగ్రెస్ అభ్యర్థి అభిషేక్ మను సింఘ్వీ పేరు వచ్చింది, ఆయన ఓడిపోయారు. మార్చిలో ఆ ముగ్గురు స్వతంత్రులు రాజీనామా చేసి మర్నాడే బీజేపీలో చేరారు. ఆ రాజీనామాలు ఆమోదించడానికి స్పీకర్‌కు జూన్ దాకా తీరిక దొరకలేదు. జూలై ఉప ఎన్నికల్లో ముగ్గురిలో ఒక్కరే, హమీర్‌పూర్ అభ్యర్థి, తిరిగి గెలిచారు. మిగతా రెండూ కాంగ్రెస్‌కు పోయాయి. ఒక్క రోజు రాష్ట్రమంతా తమ చుట్టూ తిరిగినందుకు ఇద్దరికి పడ్డ బిల్లు అది.

చిన్నాయన 2021 మునిసిపల్ ఎన్నికల్లో మళ్లీ నిలబడ్డాడు. ఇంట్లో అందరం వద్దన్నాం. ఈసారి కరపత్రం తనే రాసి, నాతో కంప్యూటర్లో కొట్టించాడు. వార్డుకు కావలసిన ఆరు పనులు, వాటి కింద పెద్ద అక్షరాల్లో "పై పనులు స్టాంపు కాగితం మీద రాసివ్వని పార్టీకి చైర్మన్ ఎన్నికలో చెయ్యి ఎత్తను" అని. మూడో స్థానంలో వచ్చాడు. గెలిచినా ఒరిగేదేమీ లేదు, ఆ ఏడాది మా ఊళ్లో ఒకే పార్టీ ఊడ్చేసింది, ఎవరికీ ఏ చెయ్యీ తక్కువ కాలేదు. మిగిలిపోయిన కరపత్రాలను చిన్నమ్మ బీరువా అరల్లో పరిచింది. వీధి చివర కాలువ మీద ఇప్పటికీ రెండు కడప బండలే. వానాకాలంలో ఒకటి జరిగితే చిన్నాయనే పోయి సరిచేసి వస్తాడు.